వెనక స్పీకర్లు

అన్నయ్య స్పీకర్లన్నిటినీ టీవీకి అటూ ఇటూ వరసగా, గ్రూప్ ఫొటోకు నిలబడ్డ చుట్టాల్లా నిలబెట్టాడు. వాటి ముందు నేలమీద ఊఫర్ పెట్టె, దాని నెత్తిన ప్లాస్టిక్ పూల కూజా. గుమ్మంలో చెప్పులు విప్పుతూనే అది చూసి సోల్డరమ్మకు నవ్వొచ్చింది.

"వెనక పెట్టాల్సినవి కూడా ముందే పెట్టేశావేంటన్నయ్యా?"

"వెనక పెడితే ఎవరికి కనిపిస్తాయి చెల్లాయ్? ఇంటికొచ్చినవాళ్లకి అన్నీ కనిపించొద్దూ?" అన్నాడు అన్నయ్య, ఇందులో నవ్వడానికి ఏముందన్నట్టు. "సౌండు గదంతా చుట్టూ తిరుగుతుందన్నాడు షాపువాడు. తిరిగి చావడం లేదు. అందుకే నిన్ను పిలిచింది. నీ చెయ్యి పడితే తిరగనిది ఉంటుందా!"

ఆ చివరి మాటకు ఆమె మొహం విప్పారింది.

రేడియోలు, యాంప్లిఫయర్లు బాగుచేసే దుకాణంలో ఆమెది పని. పొద్దస్తమానం సోల్డరింగ్ కడ్డీ పట్టుకుని వంగి కూర్చుంటుందని దుకాణం ఓనరు పెట్టిన పేరు సోల్డరమ్మ. ఇంట్లోవాళ్లకు ఆ పేరంటే చిన్నతనం. ఆ ఉద్యోగమన్నా చిన్నతనమే. పోనీలే, ఇంకెంత, సోమవారంతో వదిలిపోతుందిగా అనుకుంటున్నారు వాళ్లు. సోమవారం ఆమె ఓనరుతో మానేస్తున్నానని చెప్పాలి. తన అద్దెగది ఖాళీ చేసి, ఈ ఇంటికి వచ్చేసి, తుంటి విరిగి మంచాన పడ్డ తల్లిని చూసుకోవాలి. వైర్లు ఒక వంక. అసలు ఇవాళ వచ్చింది తానుండబోయే గది చూసుకోవడానికి.

"ముందు అత్తయ్యని చూద్దువుగాని రా మరదలా," అంటూ వదిన లోపలికి దారితీసింది. తల్లి గది తలుపు దగ్గర మాత్రం తాను ఆగిపోయి, చీరకొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని నిలబడింది.

వాసన ముందు వచ్చి తగిలింది. కిటికీ మూసి ఉంది. దుప్పటి మీద తడి ఆరి వలయాలు కట్టింది. పాతదాని మీద కొత్తది, కొత్తదాని మీద ఇంకా కొత్తది. దిండు కింద నలిగిన బిస్కట్ల పొడి, ఆ పొడికి చీమల బారు. మంచం కింద అన్నం ఎండిపోయిన కంచం. తల్లి అటు తిరిగి పడుకుని ఉంది. రవిక వెనక గుండీలు ఊడిన చోట వీపు ఎర్రగా కమిలింది.

"నువ్వెలాగూ వస్తున్నావుగా అని దుప్పటి మార్చలేదు," అంది వదిన కొంగు లోంచి. "అయినా నువ్వు మార్చినట్టు మాకు చేతకాదమ్మా. నీకున్న ఓపిక నాకేదీ!"

సోల్డరమ్మ లోపలికి వెళ్లింది. కిటికీ తెరిచింది. తల్లిని ఒక పక్కకు ఒత్తిగిల్లించి, పాత దుప్పటిని వీపు దాకా చుట్టచుట్టి, ఆ ఖాళీలో ఉతికిన దుప్పటి సగం పరిచింది. ఆ చుట్ట మీదుగా తల్లిని నెమ్మదిగా ఇటు దొర్లించి, అటునుంచి పాతది లాగేసింది. గోరువెచ్చని నీళ్లలో గుడ్డ ముంచి ఒళ్లు తుడిచింది. కమిలిన చోట రుద్దకుండా అద్దింది. చేతికంటిన మురికికి ఆమెకు ఏమీ అనిపించలేదు. మురికి కడిగితే పోతుంది. గుమ్మంలో కొంగు అడ్డం పెట్టుకుని నిలబడ్డ మనిషిని చూస్తేనే అసహ్యమేసింది. వెంటనే, పాపం తనకీ ఉద్యోగముంది కదా అని సర్దుకుంది. సర్దుకోవడం ఆమెకు బాగా అలవాటు.

"వచ్చావుటే," అంది తల్లి కళ్లు తెరిచి. చెయ్యి చాపి కూతురి మణికట్టు తడిమింది. "వీళ్లకేం తెలుసు. నీ చెయ్యే చెయ్యి."

అంతే. సోల్డరమ్మ మనసులో ఉన్న చికాకంతా ఆవిరైపోయింది.

ఆమెకిచ్చే గది బాత్రూమ్ పక్కన. గది అంటే గదే, తలుపుంది. లోపల నవారు మంచం మీద సౌండు సిస్టమ్ అట్టపెట్టెలు పైకప్పు దాకా పేర్చి ఉన్నాయి. నేలంతా థర్మోకోల్ పొడి.

"గ్యారంటీ అయ్యేదాకా పెట్టెలు పారెయ్యొద్దన్నారు. అవి పోవడానికి లేదు," అన్నాడు అన్నయ్య. "నువ్వు ఒంటిదానివి, నీకెంత చోటు కావాలి! కొన్ని మంచం కింద తోసేస్తే సరి."

"సరేలే," అంది ఆమె. స్క్రూడ్రైవర్, వైరు కట్టర్ తీసుకుని హాల్లోకి వెళ్లింది.

టీవీ బల్ల ముందుకు జరిపితే వెనక ఇంకో సంసారం కనిపించింది. వెంట్రుకలు పెనవేసుకున్న దుమ్ము ఉండలు, వెల్లకిలా పడి ఎండిన బొద్దింకలు, ఎప్పటిదో నమిలి ఊసిన చూయింగ్ గమ్. బల్ల ముందు భాగం మాత్రం అద్దంలా మెరుస్తోంది. పైన పటారం, లోన లొటారం. ఆమె ముక్కుకు రుమాలు కట్టుకుని మోకాళ్ల మీద కూర్చుంది.

తప్పు ఇట్టే దొరికింది. డిస్క్ ప్లేయర్ నుంచి యాంప్లిఫయర్‌కు ఎరుపూ తెలుపూ వైర్లు మాత్రమే వెళ్తున్నాయి. వాటిల్లో కుడీ ఎడమా రెండే పడతాయి. ముందూ వెనకా అంతా కలిపి, పిండి ముద్ద చేసి ఆ రెండింట్లోంచే తోస్తాయి. ఏ స్పీకరుకు పోవాల్సింది దానికే పోవాలంటే శబ్దాన్ని వెలుతురుగా మోసే ఆప్టికల్ వైరు వెయ్యాలి. అది విప్పని కవరులో, అట్టపెట్టె అడుగున పడి ఉంది. ఆమె దాని కొసలకున్న చిన్న తొడుగులు పీకి, ఒక కొసను ప్లేయర్ వెనక టిక్కుమనేలా నొక్కింది. రెండో కొసన ఎర్రటి వెలుతురు చుక్క వెలిగింది. దాన్ని యాంప్లిఫయర్‌కు పెట్టింది. తర్వాత ప్లేయర్ సెట్టింగుల్లోకి వెళ్లి, శబ్దాన్ని రెండుగా కలిపి పంపడం ఆపి, డిస్కులో ఉన్నదున్నట్టు పంపమని మార్చింది. రిమోట్‌కు కొన్నప్పటి ప్లాస్టిక్ కవరు ఇంకా తియ్యలేదు. అది నూనె వేళ్లతో జిడ్డోడుతోంది. పట్టుకున్నప్పుడల్లా చెయ్యి చీరకు తుడుచుకుంది.

వెనక స్పీకర్లు రెండూ సోఫా వెనక్కి మోసుకెళ్తుంటే వదిన అడ్డం వచ్చింది.

"అక్కడ పెడితే వాటిని ఎవరు చూస్తారు మరదలా?"

"చూడ్డానికి కాదు వదినా. వినడానికి."

"ఏమో బాబూ. ముచ్చటపడి కొనుక్కున్నాం."

గోడ వారగా వైరు లాగింది. పళ్లతో కాక కట్టరుతోనే తోలు వలిచింది. రాగి పోగుల్ని వేళ్లతో పురిపెట్టి, ఎర్ర చారున్న తీగ ఎర్ర బిగింపులోకి, రెండోది నల్ల దాంట్లోకి దూర్చి మరలు బిగించింది. టేపుతో సోఫా నుంచి ఒక్కో స్పీకరు దూరం కొలిచి, ఆ అంకెలు యాంప్లిఫయర్‌లో నింపింది. పరీక్ష మీట నొక్కితే "ఉష్" మని గాలిలాంటి చప్పుడు ఒక్కో స్పీకరులోంచీ వంతులవారీగా వచ్చి గది చుట్టివచ్చింది. అన్నయ్య చిన్నపిల్లాడిలా తల చుట్టూ తిప్పాడు.

"తిరుగుతోందే! అమ్మా, తిరుగుతోంది! ఆగాగు, అమ్మని కూడా తీసుకొస్తా."

తల్లిని చక్రాల కుర్చీలో తెచ్చి సోఫా పక్కన నిలబెట్టాడు. వదిన వచ్చి కూర్చుంది. షాపువాడిచ్చిన డిస్కులో అన్నీ విమానాలూ బాంబులేనట. "మన డిస్కే పెడదాం," అన్నాడు అన్నయ్య. కొత్తింట్లోకి దిగిన రోజు తీసింది, వదిన చేతిలో కెమెరా. "మన కెమెరా మామూలుది కాదు, నాలుగు వైపులా వినే మైకుందని కొన్నప్పుడే చెప్పాను. ఆ పాత టీవీలో ఏం తెలిసింది, అంతా సంతగోల."

సోల్డరమ్మ సోఫా వెనకే ఉండిపోయింది. ఎడమ స్పీకరు కుడిదానికన్నా కాస్త తక్కువగా పలికినట్టు అనిపించి, దాని పక్కన నేలమీద చతికిలబడి చెవి ఆనించింది. ఆమెకు వాళ్ల ముగ్గురి తలల వెనక భాగాలు, వాటి మీదుగా టీవీ కనిపిస్తున్నాయి.

బొమ్మ మొదలైంది. ముందు స్పీకర్లలో పాటలు, పిల్లల కేకలు, కంచాల చప్పుడు. చుట్టాలు కెమెరాకు చేతులూపుతున్నారు. వాళ్ల మధ్యలోంచి, చెమటకు జుట్టు నుదుటికి అంటుకుపోయి, గ్లాసుల పళ్లెం పట్టుకుని ఒకామె అడ్డంగా వెళ్లింది. ఆ ఒకామె తానే. కొంచెంసేపటికి ఎంగిలి కంచాల దొంతరతో ఇటునుంచి అటు వెళ్లింది.

అప్పుడు ఆమె చెవి పక్కనే, ఎవరో వచ్చి కూర్చుని మాట్లాడినంత దగ్గరగా, వెనక స్పీకరు పలికింది.

"చూశారా అత్తయ్యా, మీ అమ్మాయికి అలుపూ సొలుపూ లేదు." వదిన గొంతు.

"దానికేం," అంది తల్లి గొంతు, నవ్వుతూ. అప్పట్లో ఎంత గట్టి గొంతు! "మెచ్చుకుంటే చాలు. చిన్నప్పట్నుంచీ అంతే. నీ చెయ్యే చెయ్యి అన్నామంటే ఇంకో పది గిన్నెలు తోముతుంది."

"అయితే ఇప్పుడే వెళ్లి నాలుగు మాటలు చెప్పొస్తా," అన్నయ్య గొంతు. "ఒకసారి మునగచెట్టెక్కించామంటే, రేపు మనకే అవసరం వచ్చినా అది దిగదు."

"రేపటిదాకా ఎందుకు, వంటింట్లో గిన్నెలన్నీ అలాగే ఉన్నాయి. త్వరగా ఎక్కించండి." మళ్లీ వదిన గొంతు.

ముగ్గురూ నవ్వారు. ఆ నవ్వు కుడీ ఎడమా సమానంగా పంచుకుని వచ్చింది. తర్వాత అడుగుల చప్పుడు. ఎడమ స్పీకరులో మొదలై, పక్కనుంచి సాగి, ముందుకు వెళ్లింది. వెళ్తూ వెళ్తూ దగ్గిన దగ్గు కూడా దానితోపాటే వెళ్లింది. ఎంత చక్కగా నడిచింది చప్పుడు, ఎక్కడా తెగలేదు, అనుకుంది సోల్డరమ్మ. పని అలవాటు అలా తోసుకొచ్చేసింది ముందు. అర్థం తర్వాత వచ్చింది.

టీవీలో అన్నయ్య కెమెరా వెనకనుంచి బొమ్మలోకి అడుగుపెట్టాడు. ఎంగిలి కంచాలతో ఉన్న చెల్లెలి భుజం మీద చెయ్యి వేసి, నలుగురికీ వినపడేలా, నడిమి స్పీకరులోంచి స్పష్టంగా అన్నాడు. "ఈ ఇంటికి పునాది రాయి ఎవరనుకున్నారు? ఇదిగో, మా చెల్లెలు!"

బొమ్మలోని మనిషి నవ్వింది. పళ్లన్నీ కనిపించేలా, కళ్లు చెమ్మగిల్లేలా నవ్వింది. ఆ నవ్వు చూసేసరికి సోల్డరమ్మకు నోట్లో చేదు ఊరింది. వాళ్ల మాటలు విన్నప్పుడు కూడా అంత రోత పుట్టలేదు. ఆ మొహం, ఆ ఎంగిలి కంచాలు, ఆ సంబరం! రెండు మంచి మాటలకు అమ్ముడుపోయిన మొహం.

"ఏంటిది, వెనకేదో గరగరమంటోంది," అంది వదిన గబుక్కున. అన్నయ్య రిమోట్ లాక్కుని నొక్కాడు. జిడ్డు కవరు మీద వేలు జారి వెనక్కి పోయింది బొమ్మ. మళ్లీ ఎంగిలి కంచాలు, మళ్లీ "మెచ్చుకుంటే చాలు," మళ్లీ ముగ్గురి నవ్వు. కంగారులో ఇంకోటి నొక్కితే సౌండు పెరిగింది. చివరికి ప్లగ్గే పీకాడు.

ఎవరూ వెనక్కి తిరగలేదు. వదిన చెవి కమ్మ సవరించుకుంది. తల్లి ఒళ్లోని చేతుల వైపు చూసుకుంటూ కుక్కిన పేనులా కూర్చుంది.

"ఈ మైకులతో ఇదే చావు," అన్నాడు అన్నయ్య టీవీ వైపే చూస్తూ. "అక్కర్లేనివన్నీ పట్టేస్తాయి. ఏదో నవ్వులాటకు అనుకున్న మాటలు... వెనకవి పీకెయ్ చెల్లాయ్. ముందున్నవి చాలు. ముందు ఎంత బాగా వస్తోందో చూశావుగా!"

సోల్డరమ్మ ఏదో ఒకటి అరవాలనుకుంది. చేతుల్లో స్క్రూడ్రైవర్ ఉంది కాబట్టి చేతులే కదిలాయి. ఎడమ స్పీకరు మర వదులుగా ఉంది. బిగించింది.

"పీకడమెందుకు. ఇందాక కొంచెం తక్కువ పలికింది. ఇప్పుడు సరిగ్గా వినిపిస్తుంది," అంది లేచి.

సామాను సంచిలో వేసుకుంటుంటే వదిన దగ్గరికొచ్చింది. "భోంచేసి వెళ్లు మరదలా. అన్నీ మనసులో పెట్టుకోకు."

"గిన్నెలున్నాయా వదినా, తోమాల్సినవి?"

వదిన మొహం మాడిపోయింది. అన్నయ్య మాత్రం గుమ్మం దాకా వెంట వచ్చి, చెప్పులు తొడుక్కుంటున్న చెల్లెల్ని అడగాల్సింది అడిగేశాడు.

"సోమవారం దుకాణంలో చెప్పేస్తావుగా?"

ఆదివారమంతా ఆమె తన అద్దెగదిలోనే ఉంది. సబ్బుతో చేతులు కడుక్కుంది, కాసేపాగి మళ్లీ కడుక్కుంది. రిమోట్ జిడ్డు ఎప్పుడో పోయింది. అయినా వేళ్ల మధ్య ఏదో జారుతున్నట్టే ఉంది. వండుకున్న అన్నం ఒక ముద్ద తిని మూత పెట్టేసింది. అన్నయ్య మీద కోపం తెచ్చుకోవాలని చూసింది. కోపం వస్తే మేలు, వచ్చి పోతుంది. ఇది కోపం కాదు, ఏవగింపు. గొంతులో తిష్ట వేసుకుని కూర్చుంది.

వెళ్లకపోతే? తల్లి ఆ దుప్పటి మీదే పడుంటుంది. తడి మీద తడి ఆరుతుంది. వీపు మీద కమిలింది రేపు పుండవుతుంది. వెళ్తే? 'నీ చెయ్యే చెయ్యి' అని తల్లి అంటుంది. అన్న ప్రతిసారీ అది ఎందుకంటోందో తెలిసి, తెలిసి కూడా గుడ్డ పిండుతూ ఉండాలి. ఎటు తిరిగినా గోడే. పాపం అమ్మ అనుకున్న మరుక్షణం ఆ గట్టి గొంతు నవ్వు వినపడింది. ఛీ అనుకుని మళ్లీ చేతులు కడుక్కుంది.

సోమవారం పొద్దున దుకాణంలో, తన బల్ల ముందు, ఎవరిదో పాత యాంప్లిఫయర్ విప్పింది. లోపల బొద్దింకల గుడ్లు. బ్రష్షుతో ఊడ్చి, మాడిపోయిన తీగ పీకి, కొత్తది అతికించింది. ఓనరు వెనకనుంచి వచ్చి భూతద్దంలోంచి చూశాడు. ఆయన్ని ఆమె బాబాయ్ అంటుంది. మెచ్చుకోవడం ఆయన జాతకంలో లేదు.

"ఇదేం అతుకు? మెరుపే లేదు. కడ్డీ వేడెక్కకుండానే పెట్టేశావు. తీసి మళ్లీ వెయ్యి."

ఆమె తీసి మళ్లీ వేసింది. ఆయన మళ్లీ చూసి "ఊఁ" అన్నాడు.

"ఇవాళ నాకేదో చెప్పాలని మొన్న ఎవరితోనో అన్నావట. ఏంటది? చెప్పెయ్. నీ బల్ల కావాలని ఒకాయన నా ప్రాణం తీస్తున్నాడు. నువ్వు పోయేదుంటే ఆయనకి మాటిచ్చేస్తా."

కడ్డీ కొసన సన్నగా పొగ లేస్తోంది. ఆ 'ఊఁ' కి ముందు గానీ వెనక గానీ ఏమీ లేదు. అతుకు బాగుంది కాబట్టి ఊఁ అన్నాడు, అంతే. ఇంత శుభ్రమైన మాట విని ఎన్నాళ్లయిందో అనిపించింది ఆమెకు.

"ఎవరికీ మాటివ్వకు బాబాయ్. నేనెక్కడికీ పోవడం లేదు," అంది.

"పోతే పో, ఉంటే ఉండు, తొందరగా తేల్చు అన్నాను. సరే. ఆ మూలనున్నది కూడా ఇవాళే కావాలట, చూడు," అని ఆయన వెళ్లిపోయాడు.

సాయంత్రం బల్ల తుడుస్తుంటే అన్నయ్య ఫోను చేశాడు. గొంతులో హుషారుంది.

"చెల్లాయ్, వెనకవి నేనే పీకేశాలే. మళ్లీ అన్నీ ముందే పెట్టేశాం. ఆ డిస్కు కూడా వేసి చూశాను, ఏ గోలా లేదు. అంతా శుభ్రంగా ఉంది. మరి దుకాణంలో చెప్పేశావా?"

అతనికి నిజంగానే పని అయిపోయింది. వినపడటం ఆగిపోయింది కాబట్టి ఆనాడు అన్న మాట కూడా పోయింది. సోల్డరమ్మకు నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు.

"అమ్మ దుప్పటి మార్చారా?" అని అడిగింది.

"నువ్వొస్తావని..." అన్నయ్య ఆగి, గొంతు మెత్తగా చేశాడు. "పొద్దున్నుంచీ నీ పేరే కలవరిస్తోందే అమ్మ. నీలాంటి కూతురు ఎవరికుంటుంది చెప్పు? ఎవరడిగినా నేనదే చెప్తాను. మా చెల్లెలి మనసు వెన్న అని."

అంతా తెలిసి కూడా, చెవులారా విని కూడా, ఆ మాటకు ఆమె గుండెల్లో ఎక్కడో వెచ్చగా అయింది. కుక్కపిల్ల తోకాడించినట్టు ఆడింది లోపలేదో. ఛీ, అనుకుంది. ఈసారి అన్నయ్యను కాదు, తనను. ఆ వెచ్చదనం చల్లారేదాకా ఫోను చెవి దగ్గరే పట్టుకుని ఊరుకుంది.

"వింటున్నావా చెల్లాయ్?"

"వింటున్నాను. నేను ఉద్యోగం మానడం లేదన్నయ్యా. అక్కడికి వచ్చి ఉండను. ఆదివారాలు వస్తాను, ఆ పూట అమ్మని నేను చూసుకుంటాను. మిగతా రోజులు మీవి. రేపు పొద్దున దుకాణానికి వెళ్లేముందు ఒకసారి వస్తా. దుప్పటి ఎలా మార్చాలో, ఒళ్లెలా తుడవాలో చూపిస్తాను. మనిషిని లేపక్కర్లేదు, దొర్లిస్తే చాలు. ఒక్కసారి చూస్తే వచ్చేస్తుంది."

"మీ వదిన పొద్దున్నే ఆఫీసుకు పోతుందే. తనకెక్కడ కుదురుతుంది?"

"వదినకి కాదు. నీకు."

అన్నయ్య వెంటనే "నేనా?" అన్నాడు.

మురిక్కాలవలో చెయ్యి పెట్టమన్నట్టుగా అన్నాడు. ఇన్నేళ్లూ ఏ పనికైతే చెల్లెల్ని ఆకాశానికెత్తాడో ఆ పని తనది అనేసరికి, దాచుకోవడానికి కూడా టైము దొరక్క, కడుపులోని రోతంతా ఆ ఒక్క మాటలో కక్కేశాడు. అన్నయ్య నోట ఇంత నిజమైన మాట ఆమె ఎప్పుడూ వినలేదు.

"నువ్వే," అంది సోల్డరమ్మ. "నీళ్లు గోరువెచ్చగా కాచి ఉంచు."